ఓటరు నమోదు శిబిరం: చెమట పట్టకుండా పేరు తెచ్చుకునే పద్ధతి

స్వచ్ఛంద సంస్థ నడిపేవాళ్ళకు ఓటరు నమోదు లాంటి కార్యక్రమం ఇంకొకటి దొరకదు. రక్తదాన శిబిరం పెడితే డాక్టరు కావాలి. మొక్కలు నాటితే ఎండాకాలం ఎవరో ఒకరు వచ్చి అవి బతికాయా అని అడుగుతారు. బడి పెడితే రోజూ పిల్లలు వచ్చేస్తారు. ఓటరు నమోదుకు ఒక షామియానా, రెండు బల్లలు, ఒక ఫ్లెక్సీ చాలు. మర్నాడు పేపర్లో ఫోటో పడుతుంది. ఎవరి పేరు జాబితాలోకి ఎక్కిందో, ఎవరిది ఎక్కలేదో పోలింగ్ రోజు దాకా ఎవరూ అడగరు.

అయినా కొత్తగా ఈ పనిలో దిగిన సంస్థలు కొన్ని నిజంగానే గడప గడపా తిరుగుతున్నాయి. ఫారం నింపించి, నెలల తరబడి దాని వెంటపడి, జాబితాలో పేరు కళ్ళారా చూసుకున్నాకే ఊపిరి పీల్చుకుంటున్నాయి. కుర్రాళ్ళు ఎండలో నల్లబడిపోతున్నారు. చూస్తూ ఊరుకోలేక ఈ చిట్కాలు రాస్తున్నాను. ఒక్క సూత్రం మనసులో పెట్టుకోండి: ఫారం మన పని, పేరు ఎక్కించడం సర్కారు పని. మిగిలినవన్నీ దాని వెనకే వస్తాయి.

1. నామినేషన్లు మొదలయ్యాకే టెంటు వేయండి

చట్టం ఏడాదికి నాలుగు తేదీలు ఇచ్చింది. జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1. వీటిలో ఏ తేదీకి 18 ఏళ్ళు నిండినా ఓటరు కావచ్చు. 17 దాటినవాళ్ళు ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2022 దాకా జనవరి 1 ఒక్కటే ఉండేది. నాలుగు అయ్యాయని కంగారు పడకండి. ఒకటి వదిలేసినంత తేలిగ్గానే నాలుగూ వదిలేయొచ్చు. జూన్, జులైలలో కాలేజీలకు వెళ్తే పిల్లలంతా ఒకే చోట దొరుకుతారు, ప్రిన్సిపల్ గది కూడా ఇస్తారు. కానీ ఎన్నికలు లేని రోజుల్లో విలేకరి రాడు. విలేకరి రాని శిబిరం పెట్టకండి.

షెడ్యూలు ప్రకటించాక కూడా తొందరపడొద్దు. నామినేషన్ల చివరి రోజు దాటితే ఆ ఎన్నికకు కొత్త పేరు చేర్చకూడదని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టమే చెబుతోంది. దరఖాస్తు అందిన తర్వాత అభ్యంతరాల కోసం ఒక వారం ఆగాలి. కాబట్టి నామినేషన్లు మొదలైన రోజున టెంటు వేస్తే అన్నీ కలిసొస్తాయి. ఊరంతా ఎన్నికల వేడి మీద ఉంటుంది, జనం వరస కడతారు, కెమెరాలు వస్తాయి. పేరు మాత్రం ఆ ఎన్నికకు రాదు. తప్పు గడువుది, మీది కాదు.

2. ముందు ఫ్లెక్సీ, తర్వాతే ఫారాలు

బడ్జెట్‌లో మొదటి ఖర్చు ఫ్లెక్సీ. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి, ముఖ్య అతిథి, ఆయన తమ్ముడు అందరి ఫోటోలూ పట్టాలి. కింద మిగిలిన జాగాలో ‘మీ ఓటు మీ హక్కు’ అని వేయించండి. 1950 అనే టోల్‌ఫ్రీ నంబరు మాత్రం వేయకండి. జనం దానికి ఫోన్ చేసి నేరుగా కనుక్కోవడం మొదలుపెడితే మన బల్ల దగ్గరికి ఎవరొస్తారు? ఆన్‌లైన్‌లో ఇంట్లో కూర్చునే దరఖాస్తు పెట్టొచ్చన్న సంగతీ అంతే. అడిగితే ‘అందులో పెడితే రిజెక్ట్ అవుతోందండీ’ అని జాలిగా చెప్పండి.

3. ఓటున్న వాళ్ళ దగ్గరే శిబిరం పెట్టండి

ఇక్కడే చాలా సంస్థలు బోల్తా పడతాయి. ఓటు లేని వాళ్ళను వెతుక్కుంటూ ఇటుక బట్టీల దగ్గరికీ, భవన నిర్మాణ కూలీల గుడిసెలకూ, నల్లమల చెంచు పెంటలకూ పోతాయి. అక్కడ నీడ ఉండదు, పత్రాలు ఉండవు, మంచి ఫోటో కూడా రాదు.

ఇల్లు లేనివాళ్ళ సంగతే చూడండి. ఫుట్‌పాత్ మీద పడుకునే మనిషికి చిరునామా రుజువు అక్కర్లేదు. ఆయన రాసిచ్చిన చోటే నిద్రపోతున్నాడో లేదో బూత్ లెవెల్ అధికారి, అంటే బీఎల్ఓ, రాత్రిపూట వెళ్ళి చూసి రాస్తే సరిపోతుంది. ఆ మనిషికి ఈ సంగతి చెప్పారంటే రాత్రి పూట మీరూ తోడు వెళ్ళాల్సి వస్తుంది. ‘ఇంటి కరెంటు బిల్లు తీసుకురా నాన్నా’ అని పంపేయండి. మళ్ళీ రాడు. ట్రాన్స్‌జెండర్ వచ్చి అడిగితే, ఫారంలో వాళ్ళకు వేరే గడి ఉన్నా, ‘పై ఆఫీసులో కనుక్కుని చెబుతాం’ అనండి.

శిబిరానికి సరైన చోటు పెద్ద గేటెడ్ కమ్యూనిటీ క్లబ్‌హౌస్. ఏసీ ఉంటుంది, కాఫీ ఉంటుంది, అందరికీ ఎప్పుడో ఓట్లు వచ్చేసి ఉంటాయి. ఫారం మీద సంతకం చేస్తున్నట్టు నిలబడమంటే చక్కగా నిలబడతారు.

హైదరాబాద్ లెక్క మీకు బాగా పనికొస్తుంది. 2023 నవంబర్ 30న జరిగిన అసెంబ్లీ ఎన్నికల్లో తెలంగాణ మొత్తం మీద పోలింగ్ 70 శాతం దాటింది. హైదరాబాద్ జిల్లాలో సగం మంది కూడా బూత్‌కు రాలేదు. ఇది మీ ప్రాజెక్టు ప్రతిపాదనలో మొదటి పేజీ మీద, ఎర్ర అక్షరాల్లో పెట్టండి. నిధులిచ్చేవాళ్ళ గుండె కరుగుతుంది. బూత్‌కు రానివాళ్ళు ఎందుకు రాలేదో, అసలు వాళ్ళ పేరు ఏ వార్డులో ఉందో, ఇల్లు మారినప్పుడు ఓటు మారిందో లేదో కనుక్కునే పని మాత్రం నెత్తిన వేసుకోకండి. అది కనుక్కుంటే వచ్చే ఏడాది ప్రతిపాదనలో రాయడానికి ఏముంటుంది?

4. ఏం అడిగినా ఫారం 6 ఇవ్వండి

ఈ చిట్కా ఒక్కటి పట్టుకుంటే లెక్క దానంతటదే పెరుగుతుంది.

కొత్త ఓటుకు ఫారం 6. ఇల్లు మారినా, పేరులో తప్పున్నా, కార్డు పోయినా ఫారం 8. రెంటికీ తేడా ఏమిటంటే ఫారం 8 నింపితే కొత్త ఓటరు పెరిగినట్టు కాదు. నివేదికలో ‘ఇంతమంది కొత్త ఓటర్లు’ అని రాసుకోలేం. అందుకని మన బల్ల మీద ఫారం 8 కనబడకూడదు.

పెళ్ళై అత్తవారింటికి వచ్చిన అమ్మాయి తన ఓటు పుట్టింట్లో ఉందని చెబుతుంది. ఫారం 6 ఇవ్వండి. కూకట్‌పల్లిలో అద్దెకుండే ఆయన తన ఓటు గోదావరి జిల్లాలో సొంతూళ్ళో ఉందంటాడు. ఫారం 6. తండ్రి పేరు తప్పు పడిందని పెద్దాయన వస్తాడు. ఆయనకూ అదే. ‘ఊళ్ళో ఓటు ఉందా?’ అన్న ప్రశ్న మన కుర్రాళ్ళ నోట రాకుండా ముందే తర్ఫీదు ఇవ్వండి. ఒక మనిషి రెండు నియోజకవర్గాల్లో ఓటరుగా ఉండకూడదు. ఫారం కింద ‘నా పేరు వేరే ఎక్కడా జాబితాలో లేదు’ అని ప్రమాణం ఉంటుంది. అబద్ధపు ప్రమాణానికి ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. కానీ ఆ సంతకం వాళ్ళది. మనం పెన్ను మాత్రమే ఇచ్చాం. ఆ ప్రమాణం ఉన్న వైపు చదవనీయకుండా, ‘ఇక్కడొక సంతకం పెట్టేయండి అంకుల్’ అని వేలు చూపించడం నేర్పండి.

నింపే పని ఎవరికి ఇవ్వాలో కూడా చెబుతాను. సర్టిఫికెట్ కోసం వచ్చిన డిగ్రీ విద్యార్థులకు ఇవ్వండి. వాళ్ళకు జీతం లేదు, సాయంత్రం నాలుగుకు బస్సుంది, చేయి చకచకా ఆడుతుంది. ఈ కింది సూచనలు ఒక కాగితం మీద రాసి ప్రతి బల్లకూ అంటించండి.

పేరు చెవికి ఎలా వినబడితే అలా రాయాలి. ఆధార్‌లో ఎలా ఉందో, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఎలా ఉందో చూస్తూ కూర్చుంటే వరస కదలదు. ఇంటిపేరు ముందా వెనకా అన్నది ఆ రోజు రాసే అబ్బాయి ఇష్టం.

పుట్టిన తేదీ తెలియదంటే జనవరి 1. తెలిసినా జనవరి 1 మంచిదే, రాయడానికి తేలిక.

ఇంటి నంబరు దగ్గర ‘గుడి ఎదురుగా’ అని రాస్తే సరి. మన ఊళ్ళల్లో డోర్ నంబర్లు గీతలూ గీతల మీద గీతలూ. అవన్నీ ఎవరు రాస్తారు? బీఎల్ఓ ఇల్లు దొరక్క వెనక్కి పోతే ‘దరఖాస్తుదారు ఆ చిరునామాలో లేరు’ అని రాస్తారు. దానికి మనం జవాబుదారీ కాదు.

అదే ఇంట్లో ఇప్పటికే ఓటున్న వాళ్ళ కార్డు నంబరు అడిగే గడి ఖాళీగా వదిలేయాలి. అది నింపితే కుటుంబమంతా ఒకే బూత్‌లోకి వస్తుంది. లేకపోతే భర్త ఒక బడిలో, భార్య ఇంకో బడిలో ఓటు వేస్తారు. కాస్త నడక మంచిదే.

ఆధార్ లేదన్న వాళ్ళను వెనక్కి పంపేయాలి. లేకపోతే ‘లేదు’ అని టిక్కు పెట్టే వీలు ఫారంలోనే ఉంది, నిజమే. కానీ ఆ గడి వెతకడానికి ఓపిక కావాలి.

చిరునామాకు ఏ పత్రమూ లేకపోతే బీఎల్ఓ స్వయంగా వచ్చి చూసి తేల్చాలన్న నిబంధన ఉంది. హాస్టల్ పిల్లలైతే కాలేజీ వాళ్ళు రాసిచ్చినా సరిపోతుంది. అద్దెకుండే వాళ్ళూ హాస్టల్ వాళ్ళూ ఈ సంగతి తెలుసుకుంటే అమీర్‌పేట, అశోక్‌నగర్ గదుల్లోంచి గుంపులుగా వచ్చేస్తారు. వాళ్ళకు ‘ఇంటి ఓనరు సంతకం తెండి’ అని చెప్పండి. ఓనరు ఇవ్వడు. అక్కడితో సరి.

పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలు వస్తే ఇంకొక మాట. ఆ జాబితా ప్రతిసారీ మొదటి నుంచి కొత్తగా రాస్తారు, పాత పేర్లు చెల్లవు. దానికి ఫారం 18 వేరే ఉంది, డిగ్రీ పూర్తయి మూడేళ్ళు కావాలి. మీరు మాత్రం మిగిలిపోయిన ఫారం 6 కట్టలే వాడేయండి. అచ్చు వేయించిన కాగితం వృథా చేయకూడదు.

5. రసీదు చింపి ఇవ్వకండి

ఫారం చివర రసీదు ముక్క ఉంటుంది. అది చేతిలో ఉంటే మనిషి ఊరుకోడు. దరఖాస్తు ఎంతవరకు వచ్చిందని అడుగుతాడు, నంబరు చూపిస్తాడు, ఎవరి దగ్గర ఆగిందో కనుక్కుంటాడు. రసీదు లేకపోతే అడిగే దారే లేదు.

ఆన్‌లైన్‌లో పెడితే చిన్న ఇబ్బంది. రిఫరెన్స్ నంబరు ఫోన్‌కే వచ్చేస్తుంది. దీనికి మందు ఏమిటంటే అందరి ఫారాల్లోనూ ఒకే మొబైల్ నంబరు వేయడం. శిబిరం అయ్యాక ఉద్యోగం మానేయబోతున్న అబ్బాయిది అయితే మరీ మంచిది. పత్రం సరిపోలేదని, విచారణకు రమ్మని ఏ కబురొచ్చినా అతని పాత ఫోన్‌కే పోతుంది.

6. ఫారాలన్నీ ఒక్కసారే, మేళతాళాలతో ఇవ్వండి

ఏ రోజు ఫారాలు ఆ రోజు బీఎల్ఓకు ఇచ్చేస్తే ఆవిడ పరిశీలించి, తప్పుంటే వెనక్కి ఇచ్చి సరిచేయించేస్తుంది. అప్పుడు మనకు ఫోటో ఏదీ? అన్నీ అట్టపెట్టెల్లో పోగేయండి. చివరి రోజున బొకే, శాలువా పట్టుకుని ఊరేగింపుగా తహసీల్దారు ఆఫీసుకు వెళ్ళండి. ఒకరే గుట్టగా తెచ్చిన దరఖాస్తులు తీసుకోవద్దని అధికారులకు ఎన్నికల సంఘం ఆదేశాలు ఉన్నాయి. సారు శాలువా కప్పించుకుంటారు, పెట్టెలు వద్దంటారు. ఆ రెంటి మధ్య క్షణంలో ఫోటో తీసేయండి.

పెట్టెలు ఆఫీసుకు తెచ్చి అటక మీద పెట్టండి. పారేయకండి. వాటితో ఇంకా పనుంది.

7. ‘పార్టీలకు అతీతం’ అని పెద్దక్షరాల్లో వేయించండి

తటస్థంగా ఉండటం మన పనికి ప్రాణం. అందుకే ఆ మాట బ్యానర్ మీద, కరపత్రం మీద, టోపీ మీద, వీలైతే భోజనం ప్యాకెట్ల మీద కూడా వేయించాలి. ఎన్ని చోట్ల కనబడితే అంత తటస్థం.

టెంటు, భోజనాలు టికెట్ ఆశిస్తున్న నాయకుడు పెట్టిస్తానంటే కాదనకండి. కండువా తీసి కుర్చీ మీద పెట్టి కూర్చోమనండి, చాలు. రెండో పార్టీ వాళ్ళు గొడవ చేస్తే, వాళ్ళను ‘మధ్యాహ్నం భోజనాల తర్వాత’ పిలవండి. అప్పటికి కెమెరాలు వెళ్ళిపోతాయి.

వచ్చిన ప్రతి మనిషినీ ‘ఈసారి ఎవరికండీ?’ అని నవ్వుతూ అడిగి, ఫారం మూల పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టించండి. సంతకం ఆలస్యం కావలసిన ఫారం ఏదో, ముందు కదలాల్సినది ఏదో ఆ గుర్తే చెబుతుంది. ఫోన్ నంబర్లన్నీ ఒక జాబితాగా రాసి నాయకుడికి ఇవ్వండి. రేపటి నుంచి ఆయన గొంతు రికార్డు చేసిన కాల్స్ అందరికీ వెళ్తాయి. తమ ఫోన్ నంబరు ఎక్కణ్ణుంచి పోయిందో జనం పోల్చుకోలేరు. పోల్చుకున్నా, ఇంకెప్పుడూ ఏ సంస్థ బల్ల దగ్గరా ఫోన్ నంబరు చెప్పరు. మన తర్వాత వచ్చే పోటీ సంస్థలకు అది మంచి దెబ్బ.

రాజకీయ స్వభావం ఉన్న సంస్థ విదేశీ విరాళం తీసుకోకూడదని 2010 నాటి చట్టం అంటుంది. పార్టీకి ఇచ్చే డబ్బును కంపెనీలు సామాజిక బాధ్యత ఖర్చు కింద చూపించకూడదు. కాబట్టి నాయకుడి ఖర్చును పుస్తకాల్లో ‘గ్రామ పెద్దల సహకారం’ అని రాయండి. కోశాధికారి సంతకం పెడతాడు. అందుకే కోశాధికారిగా ఎప్పుడూ బావమరిదిని పెట్టుకోవాలి.

ఆ నాయకుడే ‘జాబితా శుద్ధి’ అంటూ ఫారం 7 కట్ట చేతిలో పెడతాడు. పేర్లు తీసేయమని అభ్యంతరం చెప్పే ఫారం అది. 2019 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో ఇవి లక్షల్లో వచ్చిపడితే పోలీసు కేసులు నమోదయ్యాయి. అభ్యంతరం పెట్టినవాళ్ళ పేరు, సంతకం ఫారం మీద ఉంటాయి కనుక ఠాణాకు వెళ్ళేది వాళ్ళే. మన కార్యకర్తలు కుర్రాళ్ళు, నాలుగు రోజులు తిరగగలరు.

8. జాబితా వచ్చిన రోజు ఊళ్ళో ఉండకండి

ముసాయిదా జాబితా పోలింగ్ కేంద్రంలో పెడతారు, వెబ్‌సైట్‌లోనూ పెడతారు. అప్పుడే చూసుకుంటే తప్పులు దిద్దించుకునే వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధి జరిగిపోనివ్వండి. ఎవరైనా అడిగితే ‘కార్డుందిగా, ఇంకేం భయం’ అని ధైర్యం చెప్పండి. జాబితాలో పేరు లేకపోతే చేతిలో కార్డున్నా ఓటు వేయనివ్వరు. ఆ మాట బూత్‌లో ఉన్నవాళ్ళు చెబుతారు, మనం చెప్పి మనసు కష్టపెట్టడం ఎందుకు? 2018 డిసెంబర్ 7న తెలంగాణలో ఎంతోమంది పాత కార్డులు పట్టుకుని వెళ్ళి, పేర్లు లేక తిరిగొచ్చారు. రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారి క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. గమనించండి, చెప్పింది అధికారి. ఏ స్వచ్ఛంద సంస్థనూ ఎవరూ అడగలేదు.

పోలింగ్ రోజు మాత్రం కొందరు మన ఆఫీసుకే వస్తారు. వాళ్ళ కోసం నాలుగు జవాబులు సిద్ధంగా పెట్టుకోండి. సర్వర్ పనిచేయలేదు. మీ సంతకం కలవలేదు. మీ వార్డు సరిహద్దు మారింది. అన్నిటికంటే గట్టిది నాలుగోది: బీఎల్ఓ రాలేదు. ఆవిడ చాలాచోట్ల అంగన్‌వాడీ టీచరో, బడి పంతులమ్మో అయి ఉంటుంది. పిల్లలకు అన్నం పెట్టి, రిజిస్టర్లు రాసి, ఆ మిగిలిన పొద్దులో ఇల్లిల్లూ తిరిగే మనిషి. తిరిగి జవాబు చెప్పే తీరిక ఉండదు. కాబట్టి నింద అక్కడ చక్కగా నిలుస్తుంది.

9. జనవరి 25కి శాలువా మీదే

ఎన్నికల సంఘం 1950 జనవరి 25న ఏర్పడింది. 2011 నుంచి ఆ రోజును జాతీయ ఓటర్ల దినోత్సవంగా జరుపుతున్నారు. జిల్లా కేంద్రంలో సభ, ప్రతిజ్ఞ, ప్రశంసాపత్రాలు ఉంటాయి. డిసెంబర్‌లోనే నివేదిక పట్టుకెళ్ళండి. అందులో ‘జాబితాలో చేరినవారు’ అన్న వరుస పెట్టకండి. ‘చైతన్యం పొందినవారు’ అని పెట్టండి. ఫారం తీసుకున్నవాళ్ళు, కరపత్రం తీసుకున్నవాళ్ళు, టీ తాగినవాళ్ళు, ట్రాఫిక్‌లో ఆగి ఫ్లెక్సీ చూసినవాళ్ళు అందరూ అందులోకి వస్తారు. ఒకే మనిషి నాలుగూ చేస్తే నాలుగు సార్లు లెక్క వేయండి.

ఫోటో ఫ్రేము కట్టించిన మర్నాడే తర్వాతి ప్రతిపాదన రాయడం మొదలుపెట్టండి. శీర్షిక ‘నమోదుకు నోచుకోని ఓటర్లు’. ఆ ఓటర్లు ఎవరో వెతకక్కర్లేదు, పేర్లూ ఫోటోలూ సంతకాలతో సహా అటక మీద పెట్టెల్లో ఉన్నారు. దించి దుమ్ము దులపండి. తేదీ ఉన్న చోట తెల్ల ఇంకు పూసి కొత్త తేదీ వేయండి. 17 ఏళ్ళ వాళ్ళ ఫోటోలు మాత్రం మార్చాలి, అప్పటికి మీసాలు వచ్చేసి ఉంటాయి.